ముప్పై ఒకటో పళ్ళెం

గురువారం చేయాల్సిన పనులు:

ఎనిమిదిన్నరకు తాళం తీయాలి, పేపర్లు బల్ల మీద పరచాలి.
కుండలు కడిగి నీళ్ళు నింపాలి.
మజ్జిగ పోసేదానికి పెద్ద గిన్నె ఎవరినైనా అడగాలి.
అన్నానికి కూర్చునే ముందే పిల్లల సంతకాలు తీసుకోవాలి.
వడ్డించే అరగంట ముందు వంటమనిషి, నేను ఇద్దరం రుచి చూడాలి. చూసినట్టు సంతకం పెట్టాలి.
పన్నెండున్నర లోపల ఫోటో గ్రూపులో పెట్టాలి.
నాలుగు గంటల దాకా ఒక్క బిడ్డను కూడా ఎండలోకి పంపకూడదు.

బుధవారం సాయంత్రం బస్సులో కూర్చుని ఈ ఏడు పనులు నోటుబుక్కులో రాసుకున్నాను. గురువారం ఒంటిగంటకల్లా ఆరు పనులకు టిక్కు పెట్టినాను. అందులో ఒక టిక్కు అబద్ధం. ఏడో పని నా చేతులారా చెడగొట్టినాను.

నా పేరు కృప. మా ఊరు దేవనకొండ పక్కన. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆదోనిలో గది తీసుకుని, పెద్దకడుబూరు వైపు ఒక పల్లెలో ఉండే చిన్న లైబ్రరీలో ఆ ఏప్రిల్‌లోనే పనికి చేరినాను. ఆ పల్లె పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇప్పటికీ కొందరికి నొప్పి.

లైబ్రరీ అంటే ఒకటే హాలు, వెనక వరండా. హాలు ముందు బజారు. వరండా వెనక ఒక సన్న సందు. ఆ సందులో పోతే మగ్గాల వీధి తప్ప ఇంకేమీ రాదు.

ఎండాకాలం సెలవులు ఇచ్చినారంటే బడిలో మధ్యాహ్నం అన్నం ఆగిపోతుంది. ఆ ఊర్లో చాలామంది తల్లిదండ్రులు బెంగళూరులో బిల్డింగు పనికి పోయి ఉంటారు. పిల్లలు అవ్వల దగ్గర. అవ్వలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొయ్యి వెలిగిస్తారు. నడుమ ఏమీ ఉండదు. అందుకని ఊరి దాతలు కొందరు మా పైవాళ్ళతో మాట్లాడి, వేసవి శిబిరానికి లైబ్రరీకి వచ్చే పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించాలని ఏర్పాటు చేసినారు. పొద్దున కథల పుస్తకాలు, పన్నెండున్నరకు అన్నం, ఎండ తగ్గేదాకా నీడన ఆటలు. రిజిస్టర్‌లో పేరున్న పిల్లలకే అన్నం. ఆ పేర్లు నేను చేరకముందే బడి జాబితా చూసి రాసినవి. ఆ రోజుల్లో దినం వచ్చేవాళ్ళు ముప్పై ఒక్కమంది.

వండేది బసమ్మక్క. వయసు యాభై దాటి ఉంటుంది. మా అమ్మ లాగానే కూలికి పోయి పోయి చేతులు కాయలు కాసిన మనిషి. చదువు రాదు. నేను రిజిస్టర్‌లో సంతకాలు లెక్కపెట్టుకుంటుంటే ఆమె వరండాలో పళ్ళేలు లెక్కపెట్టేది. తోమక ముందు ఒకసారి, తోమినాక ఒకసారి.

"రిజిస్టర్ ఉంది కదక్కా, మళ్ళీ ఈ లెక్క ఎందుకు?" అని ఒకరోజు అడిగినాను.

"నీ పేర్లు యాడికీ పోవు మేడమ్మా. నా పళ్ళేలు పోతాయి. ఒగటి పోయిందంటే బసమ్మ ఇంటికి మోసుకపోయింది అంటారు. నేను మోసుకపోవాలంటే కడవే మోసుకపోతా గానీ, పళ్ళెం యాల?" అని నవ్వింది.

ఆ గురువారం పాల వ్యాపారం చేసే రంగన్న అనే ఆయన పిల్లలకు మజ్జిగ పంపిస్తానన్నాడు. వాళ్ళ నాయన పేరు మీద. రెండు క్యాన్లు తెచ్చి, పోసుకుని క్యాన్లు వెంటనే ఖాళీ చేసి ఇయ్యాలన్నాడు. మాకుండే గిన్నెలు రెండే. ఒకటి అన్నానికి, ఒకటి పప్పుకు. బడిలో పెద్ద గిన్నెలు ఉన్నాయి గానీ బడికి తాళం, హెడ్మాస్టరు ఊర్లో లేడు. అందుకని పొద్దున్నే సందులోంచి మగ్గాల వీధికి పోయినాను. మొదటి ఇల్లు చెన్నప్పది. ఆయన భార్య నాగమ్మ గడపలో నిలబడింది. పెద్ద గిన్నె ఒకటి కావాలని అడిగినాను.

"ఎవరమ్మా వండేది?"

"బసమ్మక్క వండుతుంది అవ్వా."

"తినేది అన్ని ఈదులోళ్ళూనా?"

"పిల్లలు కదవ్వా. అందరూ తింటారు."

ఆమె వెనక, లోపలి గదిలో, గూట్లో బోర్లించిన గిన్నెలు వరుసగా కనిపిస్తున్నాయి. పెద్దవి, చిన్నవి. తళతళ మెరుస్తున్నాయి. ఆమె అటు ఒకసారి చూసింది. నన్ను ఒకసారి చూసింది.

"ఆ పక్క సూరు కింద ఇత్తడి గుండిగ ఒగటుండాది. అది తీస్కపో. మళ్ళ లోపలికి తేవద్దు, ఆడే పెట్టి పో."

నాకు అర్థమయింది. చిన్నప్పుడు మా అమ్మ వెంట కూలికి పోతే, కొన్ని ఇండ్లలో మాకు నీళ్ళు పోసే గ్లాసు చూరులో చెక్కి ఉండేది. లోపలి గ్లాసులు వేరే. ఆ గుండిగ చూడగానే చూరులో గ్లాసే గుర్తొచ్చింది. ఇది దేనికి వాడుతారు అవ్వా అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు. అడిగితే ఆమె నోటితో ఆ మాట అనిపించినట్టవుతుందని, అది వినడం నాకిష్టం లేక, తలవంచుకుని గుండిగ ఎత్తుకుని వచ్చేసినాను. ఈ కథలో జరిగిందంతా ఆ ఒక్క మాట అడగనందుకే.

బసమ్మక్క గుండిగను తిప్పి చూసింది. "సిలుము పట్టింది మేడమ్మా" అని చింతపండు, బూడిద వేసి చేతులు నొప్పి పుట్టేదాకా తోమింది. కడుపు భాగం మెరిసింది. అడుగున, అంచు మడతలో పచ్చగా అట్లే ఉంది. పాత ఇత్తడికి చిలుము ఉంటుందిలే అనుకున్నాము. తొమ్మిదికి రంగన్న మజ్జిగ తెచ్చినాడు. ముందురోజుది, బాగా పులిసింది. గుండిగ నిండా పోసి, ఉప్పు, కొత్తిమీర వేసి మూత పెట్టినాము. మూడు గంటలు అది ఆ గుండిగలోనే ఉంది.

పన్నెండుకు బసమ్మక్క రుచి చూసింది. అన్నం, పప్పు, తర్వాత గ్లాసు నిండా మజ్జిగ. నేను అప్పుడు ఫోన్ పట్టుకుని ఉన్నాను. ఫోటోలో గోడకు కట్టిన బ్యానర్ పడాలి, పిల్లలందరూ పడాలి, పన్నెండున్నర లోపల పోవాలి. ముందురోజు ఆలస్యమయిందని పైవాళ్ళుండే గ్రూపులో ఒక మాట పడింది.

"మేడమ్మా, మజ్జిగ ఒగ మాదిరి ఉండాది. ఒగరుగా. నాలిక పట్టుకుంటాండాది" అంది.

"పులిసింది కదక్కా."

"పులుపు నాకు తెల్దా? ఇది పులుపు కాదు. నువ్వు రోంత సూడు."

"సరేలేక్కా, చూస్తాను. ముందు పిల్లల్ని కూర్చోబెట్టు."

చూడలేదు. ఫోటో పంపించి, రుచి చూసిన పుస్తకంలో ఇద్దరి పేర్ల దగ్గరా నేనే సంతకం పెట్టినాను. పిల్లలకు ఎప్పుడూ గ్లాసు నిండా పోసే బసమ్మక్క ఆ పూట సగం సగమే పోసింది. "మాకు సగమేనా బసమ్మవ్వా? రంగన్న నీకు లంచమిచ్చినాడా?" అని వీరేష్ అనే పిల్లోడు గొడవ చేసినాడు. "మూతి మూసుకుని తాగురా, సగం తాగితే సగం పొడుగవుతావు" అని వాడి నెత్తిన మొట్టింది.

భోజనాలు అయినాక పన్నెండు ముప్పావుకు కరెంటు పోయింది. రేకుల కప్పు. హాలు పొయ్యి మీద పెనం మాదిరి అయింది. చిన్న పిల్లలు ఏడుపు. పక్క వీధుల్లో ఉండే పిల్లలు "ఇంటికి పోతాం మేడం, మా ఇంటి కాడ యాపసెట్టు ఉండాది" అని వెంటపడినారు. ఒంటిగంటకు వదిలేసినాను. పంతొమ్మిది మంది పోయినారు. పన్నెండు మంది మిగిలినారు.

ఒంటిగంట ఇరవైకి వీరేష్ లేచి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

ఎండకు అనుకున్నాను. నీళ్ళు తెచ్చి మొహం కడుగుతూ కింద చూసినాను. ఆ వాంతి రంగు ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా కాదు, నీలం కలిసిన పచ్చ. ఆ రంగు నాకు తెలుసు. మా మామ తోటకు మందు కొట్టేటప్పుడు డ్రమ్ములో కలిపే మైలుతుత్తం రంగు. వెనక ఇంకొక పాప కడుపు పట్టుకుని "మేడం" అంది. ఆ వెనక ఇంకొకడు.

నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఆ క్షణాన నాకు మొదట పిల్లలు గుర్తుకు రాలేదు. నా ఉద్యోగం గుర్తుకొచ్చింది. మా నాయన మొహం గుర్తుకొచ్చింది. ఆ తర్వాతనే పిల్లలు.

వరండాలోకి పరిగెత్తి గుండిగ వంచినాను. ఒక్క చుక్క లేదు. అడుగున మడతలో పొద్దున ఉన్న పచ్చ ఇప్పుడు లేదు, శుభ్రంగా ఉంది. అది పులిసిన మజ్జిగలో కరిగి పిల్లల కడుపుల్లోకి పోయింది.

108కి ఫోన్ చేసినాను. ఆదోని నుంచి రావాలి, నలభై నిమిషాలు అన్నారు. ఊర్లో ఉండే నర్సు సునందక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. వాంతి చూసింది, గుండిగ చూసింది. "ఎవరిది ఇది?" అంది. చెప్పినాను. "పాలుంటే తాపిస్తూ ఉండండి. నువ్వు పో, పోయినోళ్ళనందరినీ తీసుకురా. ఒక్కరు కూడా ఇంట్లో పండుకోకూడదు. నిద్రపోతాన్నారని వదిలేస్తే అంతే" అంది.

అంతే అంటే ఏమిటో నేను అడగలేదు.

రిజిస్టర్ చంకలో పెట్టుకుని నేను, బసమ్మక్క బజార్లో పడినాము. ముందు చెన్నప్ప ఇంటికే పోయినాను, దగ్గర కాబట్టి. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అప్పా, ఆ గుండిగ దేనికి వాడతారు?"

ఆయన మొహం మారింది. "నూలుకు గంజి కాస్తాం తల్లీ. ముసురుకు బూజు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాం. ఏం, చేతులు కడుక్కునే నీళ్ళకని తీస్కపోలేదా మీరు?"

"మజ్జిగ పోసినాము."

ఆయన లేచి నిలబడినాడు. లోపలినుంచి నాగమ్మ, "కడుక్కోల్యా మీరు?" అంది. గొంతులో భయం ఉంది, కోపం మాదిరి వచ్చింది.

"మీ ఇంట్లో పిల్లలెవరైనా లైబ్రరీలో తిన్నారా?"

"మా పాప ఆడ తినదు" అన్నాడు చెన్నప్ప. "ఎమ్మిగనూరు నుంచి సెలవులకని వచ్చింది. మగ్గం ఆగి నెలయింది, ఉన్నదేందో మా ఇంట్లోనే తింటాండాం. ఒగరి సేతి కూటికి పోయే ఖర్మ మాకు పట్టలేదు." మనమరాలి పేరు రజిని. ఆడుకోడానికి పోయిందన్నాడు. రిజిస్టర్‌లో ఆ పేరు లేదు. సరే అని ముందుకు పోయినాను.

ఆ ముప్పావుగంట సంగతి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. నేల కాలుతోంది. చెప్పు తెగితే బసమ్మక్క "వదిలెయ్ మేడమ్మా" అని తన చెప్పులు నాకిచ్చి తను ఉత్త కాళ్ళతో నడిచింది. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు వేపచెట్టు కింద గోలీలాడుతున్నారు, ఏమీ కాలేదు. ఒక ఇంట్లో పాప వాంతి చేసుకుంటే అవ్వ దిష్టి తీస్తూ ఉంది. "అవ్వా, దిష్టి కాదు, ఎత్తుకో పోదాం" అంటే, "ఏం పెట్టినారే మా బిడ్డకు?" అని నా చేయి పట్టుకుని గుంజింది. ఆ అవ్వ గోళ్ళు గుచ్చుకున్న మచ్చలు రెండు రోజులున్నాయి. ఒక్కొక్కరు దొరికేకొద్దీ రిజిస్టర్‌లో పేరు పక్కన గీత గీసినాను. ప్రతి ఇంటి తలుపు తట్టేటప్పుడూ లోపల ఏం చూడాల్సి వస్తుందో అని కళ్ళు మూసుకునేదాన్ని. నడుమ బసమ్మక్క రెండుసార్లు గోడ పక్కకు పోయింది. నీళ్ళకని అనుకున్నాను.

ముప్పై గీతలయినాయి. మిగిలింది ఒకటే పేరు. ఉరుకుందమ్మ.

ఉరుకుందమ్మ నాకు బాగా తెలుసు. అంటే, తెలుసు అనుకున్నాను. ఎనిమిదేండ్ల పాప. అందరికంటే ఆఖరున వచ్చి, అందరికంటే అందంగా, నిదానంగా సంతకం పెడుతుంది. కిటికీ కింద గోడకు మొహం పెట్టి కూర్చుని తింటుంది. వీరేష్ ఎంత నవ్వించినా నవ్వదు. ఆ పాప ఇల్లు కొట్టాల వైపు చివరన ఉంది. పోయి చూస్తే తాళం. తలుపు ముందు గాలికి కొట్టుకొచ్చిన చెత్త.

పక్కింటి ఈరప్ప తలుపు సందులోంచి చూసి, "వాళ్ళు బెంగళూరికి పోయి మూడు వారాలాయెనే" అన్నాడు.

"పాప?"

"పాపను ఈడ ఎవరి మీద ఇడుస్తారు? ఎంట తీస్కపోయిరి. మొన్న ఫోన్ల గూడ మాట్లాడె."

నాకు ఒక్కసారిగా ఊపిరి వచ్చింది. బెంగళూరులో ఉంది. అంటే ఇక్కడ తినలేదు. ఎవరో పిల్లలు ఆటకు ఆ పేరు మీద సంతకం చేసి ఉంటారు. తిన్నది ముప్పై మందే. ముప్పై మందీ దొరికినారు. మరి రోజూ కిటికీ కింద కూర్చునే పాప ఎవరని ఆ క్షణాన నేను ఆలోచించదలుచుకోలేదు. ఆ పేరు మీద అడ్డంగా గీత కొట్టినాను. పెన్ను కాగితాన్ని చించింది.

లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి 108 వచ్చి ఉంది. ఎక్కువ ఇబ్బందిగా ఉన్న ఆరుగురిని ఎక్కించినారు. మిగిలినవాళ్ళకు రెండు ఆటోలు. బండిలో ఉన్నాయన, "ఇంకెవరన్నా ఉన్నారా మేడం? తలుపు ఏస్తాండాను" అన్నాడు.

"లేరు. అందరూ దొరికినారు."

"ఉండారు" అంది బసమ్మక్క.

అందరం ఆమె వైపు చూసినాము. వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. మొహం బూడిద మాదిరి ఉంది.

"లేరక్కా. ఉరుకుందమ్మ ఊర్లోనే లేదు. నువ్వూ విన్నావు కదా. ముప్పై మందే."

"పళ్ళేలు ముప్పై ఒగటి తోమినాను మేడమ్మా. తోమక ముందు ముప్పై ఒగటి. తోమినాక ముప్పై ఒగటి. పేరు ఎవరిదైతే ఏం, ఎవరో ఒగ బిడ్డ తిన్నాది. ఆ కిటికీ కాడి పాప. అందరూ లేసినాక కూడా పోలేదు. నేను మిగిలింది పారబోస్తాంటే 'అవ్వా, అడుగున ఉండేది తాగనా' అనె. ఆకలి మీద ఉందిలే అని నేనే ఊ అన్నాను. వంచుకుని మూడు గ్లాసులు తాగింది."

గుండిగ అడుగు. మూడు గ్లాసులు.

"ఎవరక్కా ఆ పాప? ఎవరి బిడ్డ?"

"తెల్దు. కానీ బజారు పక్కనుంచి ఎప్పుడూ రాదు. ఎనక సందులోంచి వస్తాది, సందులోంచే పోతాది."

ఆ సందు ఎక్కడికి పోతుందో మా ఇద్దరికీ తెలుసు. బండాయనను "రెండు నిమిషాలన్నా" అని బతిమాలినాను. "రెండంటే రెండే. ఈడ ఆరుగురున్నారు" అన్నాడు. పరిగెత్తినాము.

చెన్నప్ప ఇంటి ముందుకు పోయినాక బసమ్మక్క గడప ఇవతల ఆగిపోయింది. పరిగెత్తుకుంటూ వచ్చిన మనిషి, ఎవరూ ఆపకుండానే ఆగిపోయింది. నేను కూడా ఆగినాను.

"నాగమ్మా, నీ మనమరాలు యాడుండాది?" అని అక్కడినుంచే అడిగింది బసమ్మక్క.

"ఆడుకోను పోయిందని సెప్తిమి గదా! ఎన్నిసార్లు అడుగుతారు?"

"ఎవరితో ఆడతాది? ఊర్లో పిల్లోల్లంతా ఆడ లైబ్రరీలో పండుకోనుండారు. ఈ ఎండలో ఎవరితో ఆడతాది సెప్పు?"

నాగమ్మ వీధిలోకి తొంగి చూసింది. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక్క బిడ్డ లేదు.

బసమ్మక్క గడప దాటింది. "యాడికొస్తాండావ్!" అని నాగమ్మ చేయి అడ్డం పెట్టింది. పెట్టిందే గానీ ఆ చేతిలో బలం లేదు. బసమ్మక్క ఆ చేయి తోసుకుని గూట్లో గిన్నెల పక్కనుంచి లోపలి గదిలోకి పోయింది. నేను వెనకే.

ఆ గదిలో చీకటి. నడుమ మగ్గం, నూలు లేక ఖాళీగా ఉంది. నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంత మీద గోనెపట్ట కప్పి ఉంది. పలకరిస్తే పలికేవాళ్ళెవరూ లేరు. నేను వెనక్కి తిరగబోయినాను. బసమ్మక్క వంగి గోనెపట్ట అంచు ముట్టుకుంది.

"తడి" అంది.

పట్ట లాగేసింది. గుంతలో, చల్లగా ఉంటుందని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పాప ముడుచుకుని ఉంది. రోజూ ఉరుకుందమ్మ అని సంతకం పెట్టే పాప. గౌను ముందుభాగమంతా పచ్చ. పెదాల చుట్టూ పచ్చ. కళ్ళు సగం మూసి ఉన్నాయి. వెలుగు పడగానే ఆ కళ్ళు మా వెనక నిలబడిన నాగమ్మను వెతుక్కున్నాయి.

"నేను ఆడ తినలేదవ్వా" అంది. "కొట్టద్దవ్వా. తినలేదు."

నాగమ్మ తలుపు దగ్గర అడ్డం తప్పుకుని దారి ఇచ్చింది.

బసమ్మక్క గుంతలోకి దిగి పాపను భుజాన వేసుకుంది. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు. ఉత్త కాళ్ళతో సందులో పరిగెత్తింది. పాప తల ఆమె భుజం మీద అటూ ఇటూ ఊగుతుంటే, ఇంక ఊగదేమో, ఇంక ఊగదేమో అని చూస్తూ వెనక పరిగెత్తినాను. బండి తలుపు వేసేసినారు. ఇంజను శబ్దం వినిపించింది. నేను అరిచిన అరుపు బజారంతా వినపడిందంట. నాకు మాత్రం వినపడలేదు.

బండి ఆగింది. పాపను లోపల పడుకోబెట్టి, నేనూ ఎక్కినాను. చెన్నప్ప అప్పటికి పరిగెత్తుకొచ్చి బసమ్మక్క పక్కన నిలబడి ఉన్నాడు. తలుపు మూసేదాకా ఇద్దరూ అట్లే నిలబడినారు.

ఆదోని ఆసుపత్రిలో మిగిలిన పిల్లలకు సాయంత్రానికల్లా నిదానించింది. సగం గ్లాసే తాగినందువల్ల సరిపోయిందని డాక్టరు అన్నాడు. "సగం ఎవరు పోసినారో గానీ" అని కూడా అన్నాడు. రజినికి మాత్రం నిదానించలేదు. మూత్రం ఆగిపోయిందని ఆ పాపను అక్కడినుంచి కర్నూలుకు పంపినారు. మూడు రోజులు ఎవరూ నాకు సరిగ్గా జవాబు చెప్పలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఎత్తకుండా కాసేపు చూస్తూ ఉండేదాన్ని. మోగుతున్నంతసేపు పాప బతికే ఉంది కదా అని. నాలుగో రోజు చెన్నప్పే చేసినాడు. "మూత్రం వచ్చినాదంట తల్లీ. డాక్టరు నవ్వినాడు" అని ఏడ్చినాడు. పదకొండు రోజులకు ఇంటికి తెచ్చినారు.

ఇక బసమ్మక్క. గురువారం సాయంత్రం ఐదింటికి ఆసుపత్రి వరండాలో గోడ పక్కన ఎవరో పడి ఉంటే పోయి చూసినాను. ఆమే. రుచి చూసేటప్పుడు గ్లాసు నిండా తాగింది కదా. మేము ఇల్లిల్లూ తిరిగినంతసేపూ ఆమె గోడల పక్కకు పోయి వాంతి చేసుకుంటూనే తిరిగింది. ఆఖరు ఆటోలో పిల్లల్ని పట్టుకుని వచ్చిందంట. నేను ఆసుపత్రి వాళ్ళకు ఇచ్చిన పేర్ల జాబితా రిజిస్టర్ చూసి రాసింది. అందులో ఆమె పేరు లేదు. అందుకని ఆమెను ఎవరూ చూడలేదు. "నాకేం కాలేదులే మేడమ్మా, ఆ పాప ఎట్లుండాది?" అని అడిగింది. కాళ్ళు బొబ్బలు లేచి చిట్లి ఉన్నాయి. ఆమె చెప్పులు నా కాళ్ళకు ఉన్నాయి.

నేను పైవాళ్ళకు మూడు పేజీలు రాసిచ్చినాను. గుండిగ ఎందుకు అడగాల్సి వచ్చింది, దేనికి వాడతారో నేను అడగలేదు, ఆమె ఒగరుగా ఉందని చెప్పినా నేను వినలేదు, రుచి చూడకుండా ఇద్దరి సంతకాలూ నేనే పెట్టినాను, ఎండలోకి పంపినాను. అన్నీ రాసినాను. నాకు ఒక మెమో ఇచ్చి, వేరే ఊరి లైబ్రరీకి మార్చినారు. ఉద్యోగం పోలేదు. పేపర్లో మాత్రం రెండే వాక్యాలు వచ్చినాయి. వంటమనిషి నిర్లక్ష్యం వల్ల పిల్లలకు అస్వస్థత అని. ఊర్లో అదే నిలిచిపోయింది. బసమ్మ చేతి కూడు తిని పిల్లలు పడిపోయినారని.

నేను ఊరు విడిచేముందు చెన్నప్ప వెనక సందులోంచి వచ్చి వరండాలో నిలబడినాడు.

"గుండిగ మాదని రాసినారంట."

"రాసినాను అప్పా."

"మంచిది" అన్నాడు. పోబోయి వెనక్కి తిరిగినాడు. "ఊర్లో నేను కూడా సెప్పాల" అన్నాడు. చెప్పినాడో లేదో నాకు తెలియదు.

బసమ్మక్కను మళ్ళీ వంటకు పిలవలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు, పిలవడం మానేసినారు. కూలికి పిలిచేవాళ్ళు కూడా తగ్గినారు. శ్రావణం రాకముందే కూతురితో బెంగళూరికి బిల్డింగు పనికి పోయింది. ఈ ఎండాకాలం ఆ లైబ్రరీలో మళ్ళీ అన్నం పెడుతున్నారు. కొత్త స్టీలు గిన్నెలు కొన్నారంట. గోడ మీద దాతల పేర్లు రాయించినారంట. సునందక్క ఫోన్‌లో చెప్పింది. రజిని మళ్ళీ వచ్చిందంట, ఈసారి ముందు బజార్లోంచి. సొంత పేరుతోనే సంతకం పెట్టిందంట. పెట్టి, "బసమ్మవ్వ యాడ?" అని అడిగిందంట.

నేను ఇప్పుడు పని చేసే చోట కూడా పిల్లలకు అన్నం పెడుతున్నాము. ప్రతి గిన్నె దేనికి వాడినారో అడుగుతాను, ఎవరేమనుకున్నా సరే. అందరికంటే ముందు నేను తింటాను. తోమినాక పళ్ళేలు లెక్కపెట్టుకుంటాను.

చదివినవాళ్ళను ఒకటే అడుగుతాను. ఆ గోడ మీద ఆమె పేరు లేదు. నా మూడు పేజీలు ఏ బీరువాలో ఉన్నాయో తెలియదు. బెంగళూరులో ఏ మేస్త్రీ కింద ఇసుక మోస్తూ ఉందో ఆమె. పేరు బసమ్మ. పళ్ళేలు ముప్పై ఒకటి అని చెప్పిన మనిషి. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.